ఉక్కు చెమట: బరువు గుర్తున్నచోట పండిన నవల

‘ఉక్కు చెమట’ మెకా నవల: మనుషులు నడిపే భారీ యంత్రాల యుద్ధం, దాంతో పెనవేసుకున్న శృంగారం. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు మాత్రమే చదవాల్సిన పుస్తకం. అట్ట మీద ఆ సంగతి కనపడీ కనపడకుండా వేశారు గానీ, లోపలి 31 అధ్యాయాల్లో తొమ్మిది పూర్తిగా శృంగారమే. ఇంట్లో పిల్లల చేతికి అందేచోట పెట్టొద్దు.

ఆ తొమ్మిదింటిలో మంచం మీద జరిగేది ఒక్కటే. మిగతావన్నీ రిపేరు షెడ్లో, క్వారీ బెంచి (మెట్టులా కోసిన రాతి అరుగు) మీద, యంత్రం కేబిన్‌లో. అందుకే శృంగారం ఎలా ఉంది, యుద్ధం ఎలా ఉంది అని విడివిడిగా మార్కులు వేస్తే ఈ నవల బాగోగులు తేలవు. రెండూ ఒకే బోల్టుకు బిగించి ఉన్నాయి. యంత్రం బరువు రచయితకు గుర్తున్న పేజీల్లో మనుషుల వలపు కూడా నమ్మేలా ఉంది. ఆ బరువు మరిచిన పేజీల్లో వలపు కూడా తేలిపోయింది.

మెకా అనే మాట కొత్తగా వినేవాళ్ల కోసం: జపాన్‌లో ఏ యంత్రాన్నైనా ఆ మాటతో పిలవచ్చు. బయటి దేశాల్లో మాత్రం మనిషి లోపల కూర్చుని నడిపే, కాళ్లూ చేతులూ ఉన్న భారీ యంత్రానికే ఆ పేరు స్థిరపడింది. ఈ నవలలో దాన్ని ‘గిత్త’ అంటారు. ఒంగోలు గిత్త నుంచి వచ్చిన పేరు. నడిపే మనిషిని పైలట్ అనకుండా ఆపరేటర్ అనడం ఇంకా నచ్చింది. చీమకుర్తి క్వారీల్లో పొక్లెయిన్ నడిపేవాణ్ని అలాగే పిలుస్తారు, గిత్తలు పుట్టింది కూడా ఆ క్వారీల్లోనే. ఈ రెండు పేర్లతోనే యంత్రం మన నేల మీదికి దిగింది.

కథకు మూలం కాటమరాజు కథ. పదమూడో శతాబ్దంలో నెల్లూరు పాలించిన మనుమసిద్ధికీ, ఆవుల మందలు మేపుకునే కాటమరాజుకూ పుల్లరి (మేత పన్ను) దగ్గర తగువొచ్చి, పాలేరు ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధం జరిగిందని ఈ ప్రాంతంలో పాడుకుంటారు. నవల ఆ తగువును రాబోయే కాలానికి జరిపింది. కనిగిరి మెట్టలో నీళ్లు లేవు, పెన్నా కింద మాగాణి వాళ్ల దగ్గర ఉన్నాయి. మెట్ట యంత్రాలు పల్లంలోకి దిగితే గంటకు ఇంతని పన్ను కట్టాలి. కట్టం అన్నారు. యుద్ధం. నాయిక కోవూరు మనిషి, ఇరవై తొమ్మిదేళ్ల ఆపరేటర్, పన్నెండు గిత్తల దండుకు పెద్ద. నాయకుడు ఆమె కింద పనిచేసే చీమకుర్తి ఫిట్టర్, ముప్పై నాలుగేళ్లవాడు, మెట్ట వైపు మనిషి. చుట్టాలంతా అవతలి పక్షంలో ఉన్నారు.

క్వారీ పని తెలిసినవాళ్లకు తొమ్మిదో అధ్యాయం చదువుతుంటే చేతులు దురద పెడతాయి. మాటు వేసే అధ్యాయం. చీమకుర్తి నల్లరాయి, ఆ రాగి రంగు మెరుపుల గెలాక్సీ, ఘనపు మీటరు దాదాపు 3 టన్నులు తూగుతుంది. బెంచి అంచున 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు ముక్కను వైర్ సాతో, అంటే తీగ రంపంతో, విడదీస్తారు. అంటే 54 ఘనపు మీటర్లు, 160 టన్నుల పైమాటే. పై నుంచి ఒక బెజ్జం, ముందు నుంచి ఒక బెజ్జం వేసి రెండూ లోపల కలిసేలా చూడటం, వజ్రపు పూసల తీగను అందులోంచి దూర్చి మొనలు కలపడం, నీళ్లు ఆగకుండా పారించడం, అన్నీ వరసలో ఉన్నాయి. రచయిత గెలిచింది అడుగు కోత దగ్గర. దాన్ని బయటికి వాలుగా కోయిస్తాడు, చివర్లలో జానెడు రాయి వదిలేస్తాడు. గిత్త అంచు మీద అడుగుపెట్టగానే ఆ జానెడు తెగుతుంది, కోతలో నిలిచిన నీళ్లూ రాతిపొడీ కలిసిన బురద మీద ముక్క మొత్తం జారుతుంది. కోత మట్టంగా ఉంటే అది కదలదు. ఆ వాలు లేకపోతే అధ్యాయమే లేదు. తీగ తెగితే పూసలు తూటాల్లా వస్తాయి కాబట్టి తీగ తిరిగే వరసలో ఎవరూ నిలబడకూడదన్న నియమాన్ని కూడా కథలో వాడుకున్నాడు. ఆ వరసలో నిలబడ్డ కుర్రాడు ఏమయ్యాడో రెండే వాక్యాల్లో చెప్పి వదిలేశాడు. అంతకన్నా అక్కర్లేదు.

మాగాణిలోకి దిగాక లెక్క తప్పింది. గిత్త ఎత్తు 12 మీటర్లు, బరువు 40 టన్నులు, పాదం 2 మీటర్ల పొడవు, మీటరు వెడల్పు అని మూడో అధ్యాయంలో రాశారు. నడకలో ఒంటి కాలి మీద నిలబడినప్పుడు ఆ 40 టన్నులూ 20,000 చదరపు సెంటీమీటర్ల మీద పడతాయి. అంటే చదరపు సెంటీమీటరుకు 2 కిలోలు, అదీ కదలకుండా నిలబడితే. అడుగు వేసినప్పుడు దెబ్బ ఇంకా ఎక్కువ. 20 టన్నుల పొక్లెయిన్ గొలుసు చక్రాల కింద ఇది అర కిలోకు అటూఇటూ ఉంటుంది, అదే తడి నల్లరేగడిలో దిగబడుతుంది. నాట్లు వేసిన కోవూరు మడిలో గిత్తలు పరుగెత్తుతాయని పదిహేనో అధ్యాయం అంటోంది. పరుగు మాట అటుంచి, మొదటి అడుగుకే లోతుగా దిగబడి, కాలు పీకేటప్పుడు అడుగున గాలి చొరక బురద పట్టుకుని, తుంటి సిలిండర్ సీళ్లు పోతాయి. ఇదే రచయిత పులికాట్ బురదలో నడిచే సన్నివేశానికి తాటిదుంగలు కట్టిన పలకల్ని పాదాలకు బిగించాడు. అక్కడ తట్టింది ఇక్కడ తట్టలేదు.

ఆఖర్లో వచ్చే ‘పెద్ద గిత్త’ది ఇంకా పెద్ద తప్పు. ఎత్తు రెట్టింపు, 24 మీటర్లు. బరువు కూడా రెట్టింపు, 80 టన్నులు అని రాశారు. ఎత్తు రెట్టింపైతే పొడవూ వెడల్పూ మందమూ మూడూ రెట్టింపవుతాయి, బరువు ఎనిమిది రెట్లు, 320 టన్నులు. పాదం వైశాల్యం పెరిగేది నాలుగు రెట్లే. కాబట్టి నేల మీద ఒత్తిడి 4 కిలోలకు పోతుంది. రాయి మీదో, బాగా గట్టిపడ్డ నేల మీదో తప్ప అది నిలబడలేదు. యంత్రాన్ని ఊరికే పెద్దది చేసేవాళ్లందరూ పడే గుంట ఇది.

డీజిల్ విషయంలో సగం మార్కులు. 300 కిలోవాట్ల ఇంజను పూర్తి బరువు మోస్తే గంటకు దాదాపు 75 లీటర్లు తాగుతుంది. మామూలు నడకకు 45 వేసుకుందాం. ట్యాంకు 400 లీటర్లు, వేగం గంటకు 6 కిలోమీటర్లు అని పుస్తకంలోనే ఉంది. నెల్లూరులో బయలుదేరిన గిత్తకు ఆత్మకూరు దగ్గరకు వచ్చేసరికి ట్యాంకు అడుగు కనపడుతుంది. మొదటి దండయాత్రలో మాత్రం పన్నెండు గిత్తలూ ఉదయగిరి దాకా ఎక్కడా ఆగకుండా పోయాయి. రెండో దండయాత్రలో రచయితే దీన్ని గుర్తించి, యుద్ధం మొత్తాన్ని ఒక డీజిల్ ట్యాంకర్ చుట్టూ తిప్పాడు. ఉదయగిరి దుర్గాన్ని లొంగదీయడానికి శ్రీకృష్ణదేవరాయలకు దాదాపు ఏడాదిన్నర పట్టింది. కొండ కింద కూర్చున్నవాడికి తిండీ నీళ్లూ ఎట్టా వస్తాయన్నదే ముట్టడిలో అసలు ప్రశ్న. ఇరవయ్యో అధ్యాయం ఆ ప్రశ్నను డీజిల్ భాషలో అడిగింది. యుద్ధం రాసే తెలుగు నవలల్లో సరఫరా గురించి ఇంత శ్రద్ధ అరుదు.

ఇక పన్నెండో అధ్యాయం. ఈ పుస్తకం కొనడానికి కారణం ఇదొక్కటి చాలు. షెడ్డులో హోస్ పైపు మార్చడం, అంతే జరిగేది. గిత్త చేతిని కిందికి దించి నేలకు ఆనించాలి. ఇంజను ఆపాలి. తాళం ఆన్‌లోనే ఉంచి లివర్లను అటూ ఇటూ పదిపదిహేనుసార్లు ఆడించాలి, లోపల మిగిలిన ప్రెషర్ పోవడానికి. ట్యాంకు మూత వదులు చేయాలి, గాలి బుస్సుమంటుంది. జాయింటు చుట్టూ దుమ్ము తుడవాలి. తర్వాత రెండు స్పానర్లు: ఒకటి కదలకుండా పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి. ఒక్క స్పానరుతో తిప్పితే హోస్ మెలిపడుతుంది, మెలిపడ్డ హోస్ త్వరగా పగులుతుంది. ఆ రెండో స్పానర్ పట్టుకునే మనిషి ఆ పూట లేడు. దండుకు పెద్దైన ఆమె వచ్చి పట్టుకుంటుంది. హోస్ మీద ముద్రించిన గీత నిటారుగా ఉందో లేదో ఇద్దరూ తలలు దగ్గర పెట్టి చూస్తారు. కొత్త ఓ రింగుకు వేలితో ఆయిల్ రాస్తాడతను. అప్పటిదాకా ‘మీరు పట్టుకోండి మేడమ్’ అన్నవాడు, బిగించే ఊపులో ‘వదలబాకు’ అంటాడు.

అంతే. ‘మీరు’ నుంచి ‘నువ్వు’కు జారింది మాట. ఆమె వదలదు. తిరిగి ‘మేడమ్’ అనడానికి అతనికి నోరు రాదు, అనమని ఆమె అడగదు. ఒంటి మీద బట్ట తొలగకుండానే తొమ్మిది శృంగార అధ్యాయాల్లోకెల్లా ఇదే ఎక్కువ వేడి పుట్టించింది. సంబోధన మారడం ఎంత పెద్ద ఘటనో తెలుగు మాట్లాడేవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. మన ఆలంకారికులు అనుభావాలన్నవి ఇవే. లోపల ఉన్నది చూపులో, చేతిలో, మాట తడబాటులో బయటపడాలి. పేరుపెట్టి చెబితే రసం పలచనవుతుంది.

పదమూడో అధ్యాయంలో ఆ పని తెలిసిన రచయితే ఘోరమైన తప్పు చేశాడు. ఇంజను నడుస్తుండగా హోస్ నుంచి సన్నగా ఆయిల్ చిమ్ముతుంటే, ఫిట్టర్ అరచేత్తో మూస్తాడు, ఆమె తన చెయ్యి అతని చేతి మీద వేస్తుంది. చూడటానికి బాగుంటుంది. 350 బార్ల ప్రెషర్ దగ్గర గుండుసూది బెజ్జంలోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని కండలోకి దూరుతుంది. పైకి చిన్న చుక్కలా కనపడుతుంది, మొదట నొప్పి కూడా పెద్దగా ఉండదు, గంటల్లో వాచి నల్లబడుతుంది. వెంటనే ఆపరేషన్ చేసి కడగకపోతే వేలో చెయ్యో తీసేయాల్సి వస్తుంది. లీకు వెతకడానికి అట్టముక్క వాడాలి, చెయ్యి ఎప్పుడూ పెట్టకూడదు. కొత్తగా ఐటీఐ ముగించుకుని షెడ్డుకొచ్చే కుర్రాళ్లు ఈ పుస్తకం చదువుతారు. రెండో ముద్రణలో ఈ పేజీ మార్చి తీరాలి. మార్చడం కష్టమూ కాదు: చెయ్యి పెట్టబోయిన ఆమె మణికట్టును అతను గట్టిగా పట్టి ఆపితే చాలు, స్పర్శ ఉంటుంది, భయం ఉంటుంది, నిజమూ ఉంటుంది.

పదిహేడో అధ్యాయంలో కేబిన్ సన్నివేశం. రోహిణి కార్తె, బయట 44 డిగ్రీలు, తలుపు బిగించి, ఏసీ ఆపి, గంటన్నర. కేబిన్ కొలతల్ని బట్టి లోపల 2 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచే వంద వాట్ల వేడి బయటికొస్తుంది, శ్రమపడితే దానికి మూడు నాలుగు రెట్లు. చెమట ఆరడానికి గాలి కదలాలి, అది లేదు. వేడి సంగతి పక్కన పెట్టినా, ఇద్దరు వదిలే బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) ఆ ఇరుకులో అరగంటకే 2 శాతం దాటుతుంది, గంటకు 5 దగ్గరికి పోతుంది. ఊపిరి బరువెక్కి, తల పగిలిపోయి, కళ్లు తిరుగుతాయి. రచయిత దాన్ని మైమరపు అని రాశాడు. పై మూత నాలుగు వేళ్ల సందు తెరిచి, బ్లోవర్ తిప్పి, వేళను పొద్దుగూకిన తర్వాతకు జరిపితే ఇదే సన్నివేశం నిలబడుతుంది. సముద్రపు గాలి కూడా వచ్చేది. కృష్ణపట్నం పక్కనే కదా ఉన్నారు.

భాష గురించి చెప్పాలి. షెడ్డులో ఇద్దరూ చక్కగా ‘యాడికి పోతుండావు’, ‘అట్టాగే కానీ’ అంటారు. బట్టలు విప్పగానే ‘అధరామృతం’, ‘పాలిండ్లు’, ‘తనూలత’ మొదలవుతాయి. పందొమ్మిదిలో అయితే గోదావరి ‘ఏవండీ’ కూడా వచ్చింది. అవి చెడ్డ మాటలు కావు. కావ్యంలో వాటి చోటు వాటికి ఉంది. గ్రీజు చేతుల మనిషి నోట అవి అద్దెకు తెచ్చిన పట్టుబట్టల్లా ఉన్నాయి. దీనికి కారణం సిగ్గు అనిపిస్తుంది. వాడుక మాటల్లో రాస్తే బూతంటారన్న భయం. ఆ భయం కొత్తది కాదు. బెంగళూరు నాగరత్నమ్మ 1910లో వేయించిన ముద్దుపళని శృంగార కావ్యం ‘రాధికా సాంత్వనము’ను అశ్లీలమని నాటి ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం ఎత్తివేయించింది టంగుటూరి ప్రకాశం పంతులు, మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా (ఇప్పటి లెక్కన ముఖ్యమంత్రిగా) ఉన్న కాలంలో. ఆయన పేరు పెట్టుకున్న జిల్లా కథ రాస్తూ ఇంత జంకు అక్కర్లేదు. రచయితకు వాడుక మాటలు చేతకావనీ కాదు. ఇరవై ఒకటిలో స్నానాల తొట్టి దగ్గర ‘వీపు రుద్దేదా’, ‘రుద్దు’ అన్న రెండు మాటలతో పేజీ నడిపాడు.

ఇరవై రెండో అధ్యాయాన్ని మాత్రం ఏ సమర్థనా కాపాడలేదు. పట్టుబడిన మెట్ట ఆపరేటర్‌తో దండులో ఒకడు గడిపే రాత్రిని వలపుగా రాశారు. తలుపుకు బయట గడియ ఉంది, ఆమె అన్నం వాడి చేతిలో ఉంది. కాదనే దారి లేని మనిషి ఔనంటే అది ఔను కాదు. యుద్ధాల్లో ఇలాంటివి జరుగుతాయి, రాయొచ్చు, కానీ దాని పేరు దానికి పెట్టాలి. ఇక్కడ వెన్నెల కాయించారు. విచిత్రమేమంటే, నాయికా ఫిట్టరూ మధ్య ఇదే సమస్య వస్తుందని రచయితకు ముందే తెలుసు. ఆమె పెద్ద, అతను కింద పనిచేసేవాడు. అందుకే పద్నాలుగులో ఆమె అతన్ని తన దండు పట్టీలోంచి తీసి వేరే షెడ్డుకు రాయించి, వారం ఆగి, అప్పుడు అతనే రావాలని తలుపు తెరిచి పెడుతుంది. అంత తెలిసిన చెయ్యి ఎనిమిది అధ్యాయాలకే ఇలా జారడం బాధ కలిగించింది. ఇరవై రెండు దాటేసి చదువుకోవచ్చు, కథ ఎక్కడా తెగదు.

384 పేజీలు, 350 రూపాయలు. కాగితం పర్వాలేదు, ఒత్తులు చాలాచోట్ల పక్కకు జరిగాయి, ‘సిలిండర్’ను మూడు రకాలుగా రాశారు. చివర గిత్త బొమ్మ గీసి భాగాల పేర్లు వేశారు, అది పుస్తకం మొదట్లో ఉండాల్సింది.

ఇరవై ఏడో అధ్యాయం గురించి చివరికి అట్టిపెట్టడానికి కారణం ఉంది. మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన కథ ఈ వైపు వాళ్లందరికీ తెలుసు. కాటమరాజుతో యుద్ధంలో వెనుదిరిగి ఇంటికొస్తే, భార్య చానమ్మ మంచం అడ్డం పెట్టి, ఆడవాళ్లకు పెట్టినట్టు పసుపు పెట్టి, స్నానానికి నీళ్లు తోడింది. తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసి, నువ్వు విరిగొచ్చావు, పాలూ విరిగాయి అంది. అతను తిరిగి యుద్ధానికి పోయి ప్రాణం వదిలాడు.

నవలలో వెనుదిరిగి వచ్చేది ఆమె. పాలేటి ఒడ్డున ఆరు గిత్తలు పోగొట్టుకుని, తుంటి సిలిండర్ పగిలిన గిత్తను ఈడ్చుకుంటూ తెల్లారి షెడ్డుకొస్తుంది. మంచం అడ్డం పెట్టి, నీళ్లు కాచి, పసుపు గిన్నె పెట్టి ఉంచాడతను. ఆమె గుమ్మంలోనే నిలబడిపోతుంది. ఆ ఏర్పాటుకు అర్థం ఆమెకు తెలుసు. అతనికీ తెలియాలి కదా, అతనిది కాటమరాజు వైపు ఊరే.

అతని లెక్క వేరు. ఒళ్లంతా కాలిన ఆయిల్, మోచేతులు కొట్టుకుపోయి రక్తం, షెడ్డులో మందు లేదు, పసుపుంది. చుట్టూ మనుషులున్నారు, మంచం అడ్డం పెట్టాడు. ఈ మాటల్లో ఒక్కటీ అతను అనడు, రచయితా అనడు. ఆమె పసుపు గిన్నె వైపు చూస్తుంటే, అతను ఆమె మోచెయ్యి వైపు చూస్తుంటాడు. రెండు పేజీల పాటు ఆ చూపులే. తర్వాత వచ్చే స్నానం ఆ తొమ్మిది శృంగార అధ్యాయాల్లో చివరిది. అందులో ప్రతి కదలిక గాయం తప్పించుకుంటూ జరుగుతుంది: ఏ చెయ్యి ఎత్తగలదు, ఏ వైపు ఒరగలేదు, ఎక్కడ తాకితే ఉలిక్కిపడుతుంది. నలభై టన్నుల యంత్రం బరువు ఒక మనిషి భుజం మీద ఏ చోట మిగిలిపోయిందో కనపడుతుంది. అధరామృతాలు లేవు. ‘ఇక్కడా?’ ‘ఊఁ, మెల్లిగా.’

పాలు కూడా ఉన్నాయి. కాచడం మరిచి ఆలస్యంగా పొయ్యి మీద పెడితే విరుగుతాయి. విరిగిన పాలలో బెల్లం వేసి కోవా చేసి పెడతాడు, ఆమె తింటుంది. తిరిగి యుద్ధానికి పోతుందా లేదా అన్నది ఆ అధ్యాయం చెప్పదు. అతను పగిలిన సిలిండర్ విప్పడానికి స్పానర్లు తీస్తాడు, రెండు. ఒకటి ఆమె వైపు పెడతాడు. ఆ తర్వాత నాలుగు అధ్యాయాల నిండా పెద్ద గిత్త యుద్ధమే, 320 టన్నులని రాయాల్సినచోట 80 అని రాసిన యుద్ధం. రెండో ముద్రణకు రచయిత మళ్లీ కూర్చుంటే, మొదట చెయ్యి పెట్టాల్సింది ఆ నాలుగింటి మీదే.